విద్యార్థులు - నిద్ర - మనస్స్వాస్థ్యం

బాగా చదువుకున్న కుర్రవాణ్ణి మెచ్చుకోవలసి వచ్చినప్పుడు మన ఇండ్లలో అనాయాసంగా నోటికి వచ్చే మాట ఒకటున్నది: "నిద్రాహారాలు మాని చదివినాడు." ఈ రెండింటిలో ఆహారం మానినాడంటే తల్లి ఊరుకోదు. కంచం పట్టుకొని గదిలోకి వెళ్లి నాలుగు ముద్దలు తినిపించి గాని ఇవతలకు రాదు. నిద్ర మానినాడంటే మాత్రం ఇంటిల్లిపాదికీ సంతోషమే. అర్ధరాత్రి దాటిన తరువాత కూడా కొడుకు గదిలోనో కూతురి గదిలోనో దీపం వెలుగుతూ ఉంటే, పిల్లలు దారిలో ఉన్నారన్న తృప్తితో తండ్రి అటు తిరిగి పడుకుంటాడు. శరీరానికి రెండూ అవసరమే అయినప్పుడు, ఒకటి మానడం లోపమూ, మరొకటి మానడం సుగుణమూ ఎట్లా అయినవి?

ఈ ప్రశ్న మాటవరసకు వేసినది కాదు. కళాశాలలలో, విశ్వవిద్యాలయాలలో చదివే యువతీ యువకుల మనస్స్వాస్థ్యాన్ని గురించి నేడు తల్లిదండ్రులు, అధ్యాపకులు, వైద్యులు ఆందోళన చెందుతున్నారు. ఆ స్వాస్థ్యానికి నిద్రతో ఉన్న సంబంధం ఎటువంటిదన్నది విశ్వవిద్యాలయాలే సుమారు 130 ఏండ్లుగా శోధిస్తూ వచ్చినవి. ఆ శోధనలో పరీక్షించినవారిలోనూ, పరీక్షకు నిలిచినవారిలోనూ అనేకులు విద్యార్థులే కావడం ఒక విశేషం. ఆ చరిత్రను వరుసగా చెప్పుకుంటే మన మెచ్చుకోలు మాటలోని పొరపాటు దానంతట అదే బయటపడుతుంది.

ముందుగా మన సంప్రదాయం ఏమన్నదో చూద్దాం. విద్యార్థికి ఉండవలసిన లక్షణాలను చెప్పే ఒక సంస్కృత సుభాషితం మన పాఠశాలలలో తరతరాలుగా వినబడుతున్నది. అందులో విద్యార్థి నిద్ర కుక్క నిద్రవలె ఉండాలన్నారు. అంటే చీమ చిటుక్కుమన్నా మెలకువ రావాలన్నమాట. భారతంలో అర్జునునికి గుడాకేశుడని పేరు; నిద్రను జయించినవాడని దానికి అర్థం చెబుతారు. నిద్రకు లోబడినవాడు కుంభకర్ణుడు. అతని పేరు నేటికీ ఎగతాళికే పనికివస్తున్నది. ఇక ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు కలకత్తాలోను, ముత్తుస్వామి అయ్యరు మద్రాసులోను వీధిదీపాల క్రింద కూర్చుండి చదివినారన్న కథలు పిల్లలందరూ విన్నవే. ఆ బాలురు వీధిలోకి వచ్చినది ఇంట దీపానికి నూనె లేకనే కాని, నిద్ర తమకు శత్రువని కాదు. కథ చెప్పినవారు పేదరికాన్ని మరచిపోయి, జాగరణను మాత్రం పట్టుకున్నారు.

అయితే మన పెద్దలు చెప్పినది ఇంతమాత్రమే కాదు. చరకసంహిత శరీరాన్ని నిలబెట్టే మూడు ఊతకంబాలను పేర్కొన్నది. అవి ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం. ఆహారం ప్రక్కనే, ఆహారంతో సమానంగా నిద్రను నిలిపినారు. ఆ గ్రంథంలోనే మరొకచోట సుఖదుఃఖాలు, బలాబలాలు, జ్ఞానాజ్ఞానాలు, తుదకు జీవితమూ మరణమూ సైతం నిద్రపై ఆధారపడి ఉన్నవన్నారు. జ్ఞానం నిద్రపై ఆధారపడినదన్న ఆ మాట విద్యార్థులకు ముందుగా చెప్పవలసినది. నిద్ర చెడినవారికి ఒళ్లంతా నూనె అంటడం, స్నానం, పెరుగన్నం, గేదెపాలు, మనసుకు ఇంపైన శబ్దాలు, సువాసనలు మేలు చేస్తాయని కూడా అక్కడ ఉన్నది. ఇవన్నీ మన అమ్మమ్మలకు తెలిసిన ఉపచారాలే.

మన స్త్రీలు పాడుకున్న 'ఊర్మిళాదేవి నిద్ర' అనే పాటలో మరొక భావం దాగి ఉన్నది. లక్ష్మణుడు అడవిలో పదునాలుగేండ్లు కన్ను మూయలేదు. అంతకాలమూ ఇంట ఊర్మిళ నిద్రలో ఉన్నది. అతడు మానిన నిద్రను ఆమె తీసుకున్నదని జనశ్రుతి. అనగా మానిన నిద్ర మాయమైపోదు, దానిని ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట తీర్చవలసినదే అని మన పల్లెపడుచులు భావించినారు. నేటి శాస్త్రజ్ఞులు 'నిద్ర బాకీ' అని వాడుతున్న మాటకు ఇది చాలా దగ్గరగా ఉన్నది. తేడా ఒక్కటే. మన పిల్లల బాకీ తీర్చడానికి ఇంట ఊర్మిళలు లేరు; ఎవరి బాకీ వారే తీర్చుకోవలసి ఉన్నది.

ఇక ప్రయోగశాలకు వద్దాం. మనిషి నిద్ర మానితే ఏమవుతుందో కొలిచి చూచిన మొదటి ప్రయోగం అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో జరిగినది. పాట్రిక్, గిల్బర్ట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆ ఫలితాలను 1896లో ప్రకటించినారు. ఆరోగ్యవంతులైన ముగ్గురు యువకులు 90 గంటలు మేలుకొని ఉన్నారు. వారి చేతి పట్టును, చూపును, జ్ఞాపకశక్తిని, స్పందించే వేగాన్ని ఆరేసి గంటలకు ఒకసారి కొలుస్తూ వచ్చినారు. బలం కొంత తగ్గడం, జ్ఞాపకం మందగించడం అనుకున్నవే. అనుకోనిది వేరొకటి జరిగినది. వారిలో ఒకనికి రెండవ రాత్రి గడిచిన తరువాత నేలమీద జిడ్డుగా, నలుసులు కదలాడుతున్నట్లుగా ఒక పొర కనబడసాగినది. అక్కడ నిజంగా ఏమీ లేదు. తరువాత గాలిలో రంగురంగుల రేణువులు దోమలవలె ఎగురుతున్నట్లు తోచినది. తృప్తిగా ఒక రాత్రి నిద్రించగానే అవన్నీ మాయమైనవి. నిద్ర లోపిస్తే ఒళ్లు అలయడమే కాక మనస్సు కూడా లేనిదాన్ని ఉన్నట్లు చూపగలదని కొలతలతో సహా తెలిసినది అప్పుడే.

నిద్రకూ చదువుకూ ఉన్న సంబంధాన్ని తిన్నగా పరీక్షించినవారు కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జెంకిన్స్, డాలెన్‌బాక్ అనేవారు. వారి ఫలితాలు 1924లో వెలువడినవి. ఇద్దరు విద్యార్థులు ప్రయోగశాలలోనే పడక వేసుకొని, అర్థంలేని అక్షరగుచ్ఛాలను పదేసి చొప్పున కంఠతా పట్టినారు. కొన్నిసార్లు పట్టిన వెంటనే నిద్రపోయినారు. కొన్నిసార్లు మేలుకొని తమ పనులు చూచుకున్నారు. ఎనిమిది గంటల తరువాత అడిగి చూస్తే, నిద్రించినప్పుడు సగానికి కొంచెం పైగా గుర్తున్నవి. మేలుకొని ఉన్నప్పుడు పదింటిలో సుమారు ఒకటి మాత్రమే నిలిచినది. నిద్రలో కొత్త విషయాలు వచ్చి పాతవాటిని చెరపకపోవడమే దీనికి కారణమని వారు భావించినారు. సంగతి అంతకంటె లోతైనదని తరువాత తేలినది. పగలు ఎలుక తిరిగిన దారికి సంబంధించిన మెదడు కణాలు, అది నిద్రించినప్పుడు కూడా మళ్లీ కలిసి పనిచేస్తున్నట్లు విల్సన్, మెక్‌నాటన్ 1994లో చూపినారు. అంటే మెదడు రాత్రివేళ పాఠం వల్లెవేస్తున్నదన్నమాట. హాస్టళ్లలో 'నైటవుట్' పేరిట పరీక్షకు ముందు తెల్లవార్లూ మేలుకునే విద్యార్థి ఆ వల్లెవేతకు అవకాశమే లేకుండా చేస్తున్నాడు.

నిద్రను ఒక శాస్త్రంగా నిలబెట్టినవారు షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నథానియల్ క్లైట్మన్. ఆయన 1895లో కిషినెవ్ నగరంలో జన్మించి, ఇరవై ఏండ్ల వయసులో చేతిలో డబ్బు లేకుండా అమెరికా చేరినారు. తనమీద, తోటి విద్యార్థులమీద జాగరణ ప్రయోగాలు చేసి 1923లో పట్టం పొందినారు. అప్పుడు ఆయన గమనించిన ఒక విషయం ప్రతి విద్యార్థికీ అనుభవంలో ఉన్నదే. రాత్రంతా మేలుకున్నవానికి తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు ఆపుకోలేనంత నిద్ర వస్తుంది; అయితే మరునాటి మధ్యాహ్నానికి, అంతకంటె ఎక్కువసేపు మేలుకొని కూడా, కొంత తెప్పరిల్లుతాడు. నిద్ర కేవలం అలసటవల్ల వచ్చేదయితే ఇట్లా జరుగకూడదు. లోపల ఒక గడియారం ఏదో నడుస్తున్నదని దీనివల్ల స్ఫురించినది.

ఆ గడియారాన్ని పరీక్షించడానికి క్లైట్మన్ 1938 జూన్ నెలలో, రిచర్డ్‌సన్ అనే విద్యార్థిని వెంటబెట్టుకొని, కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహలో ప్రవేశించినారు. ఎండ పొడ తగలని ఆ చోట 32 రోజులు గడిపినారు. ఎలుకలు ఎక్కకుండా మంచం కోళ్లను డబ్బాలలో నిలిపినారు. రోజును 24 గంటలుగా కాక 28 గంటలుగా లెక్కించుకొని, వారానికి ఆరు రోజులతో జీవించినారు. శిష్యుని శరీరోష్ణం ఆ కొత్త దినచర్యకు అలవాటుపడినది. గురువుగారిది మాత్రం పాత 24 గంటల లయను వదలలేదు. మనుష్యులందరి గడియారాలూ ఒక్క తీరుగా ఉండవని, ఆజ్ఞాపించినంత మాత్రాన అవి మారవని దీనివల్ల తెలిసినది.

క్లైట్మన్ వద్దనే చదువుతున్న అసెరిన్‌స్కీ తన ఎనిమిదేండ్ల కుమారుని నిద్రలో పరిశీలించి, కనురెప్పల వెనుక కళ్లు చురుకుగా కదిలే నిద్రాదశ ఒకటి ఉన్నదని కనుగొన్నారు. గురుశిష్యులు ఆ సంగతిని 1953లో లోకానికి తెలిపినారు. కలలు ఎక్కువగా వచ్చేది ఆ దశలోనే. రాత్రిపొడుగునా సుమారు గంటన్నరకు ఒకసారి ఆ దశ వస్తూ, తెల్లవారబోయే కొద్దీ దీర్ఘమవుతుంది. కావున నాలుగు గంటలకే అలారం పెట్టుకొని లేచేవాడు నిద్రలో సగం తగ్గించుకున్నాననుకుంటాడు కాని, కలల నిద్రలో పెద్దభాగాన్నే పోగొట్టుకుంటున్నాడు.

మా రేడియో వృత్తికి చెందిన ఒకరు కూడా ఈ చరిత్రలో ఉన్నారు. 1959 జనవరిలో పీటర్ ట్రిప్ అనే న్యూయార్కు ప్రసారకుడు ఒక ధర్మకార్యానికి చందాలు వసూలు చేయడానికి, నగరం నడిబొడ్డున అద్దాల గదిలో కూర్చుండి 201 గంటలు మేలుకున్నాడు. మైకు ముందు కూర్చున్న కాసేపూ ఎట్లాగో మాట్లాడగలిగేవాడు. మైకు ఆగిన తరువాత లేనివి కనబడేవి. చుట్టూ ఉన్న వైద్యులు తనమీద ఏదో కుట్ర చేస్తున్నారని భయపడేవాడు. చివరి రోజులలో ఉత్తేజక ఔషధాలు కూడా ఇచ్చినందున నిద్రలేమి పాత్ర ఎంతో, మందుల పాత్ర ఎంతో విడదీయడం కష్టం. అయిదేండ్ల తరువాత, శాన్ డియాగో నగరంలో రాండీ గార్డ్‌నర్ అనే పదిహేడేండ్ల విద్యార్థి అటువంటి మందులు లేకుండానే 264 గంటలు, అంటే 11 రోజులు మేలుకున్నాడు. అది 1964 జనవరిలో ముగిసినది. మధ్యలో అతనికి చిరాకు, మతిమరపు, భ్రాంతులు కలిగినవి. అయినా చివరిరోజు పత్రికలవారితో చక్కగా మాట్లాడి, సుమారు పద్నాలుగు గంటలు నిద్రించి లేచినాడు. ఇంకేం, నిద్ర మానితే ఏమీ కాదని లోకం తీర్మానించుకున్నది. చాలా ఏండ్ల తరువాత తనకు తీవ్రమైన నిద్రలేమి వచ్చినదని ఆయన 2017లో ఒక రేడియో కార్యక్రమంలో చెప్పినాడు. ఆనాటి జాగరణే దానికి కారణమని నిరూపించగలవారు లేరు. అయితే ఒక్క కుర్రవాడు ఒక్కసారి తట్టుకున్నదాన్ని బట్టి లక్షలమంది ఏండ్ల తరబడి తట్టుకోగలరని తేల్చడం న్యాయం కాదు.

ఈ ప్రయోగాలన్నీ కావాలని నిద్ర మానినవారిని గురించినవి. విద్యార్థులలో మరొక తరగతి ఉన్నది. వారు దీపమార్పి పడుకుంటారు, నిద్ర రాదు. పక్కమీద దొర్లుతూ, గడియారం కేసి చూస్తూ, ఇంకెన్ని గంటలున్నవో లెక్కవేస్తూ తెల్లవారుస్తారు. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని సామెత. పొలంలో కష్టపడి వచ్చినవానికి అది నిజమే. పరీక్షను తలచుకొని పడుకున్నవానికి పట్టుపరుపు వేసినా నిద్ర రాదు. నిద్రపోనివాడు, నిద్రపట్టనివాడు అని ఈ ఇద్దరినీ వేరుచేసి చూడాలి. అయితే మొదటివాడు రెండవవాడుగా మారడానికి ఎంతో కాలం పట్టదు. వారంలో నాలుగు రాత్రులు రెండింటికి, ఒక రాత్రి పదింటికి, ఆదివారంనాడు మధ్యాహ్నందాకా పడుకుంటే లోపలి గడియారం దారి తప్పుతుంది. తరువాత పడుకుందామన్నా నిద్ర పలుకదు.

ఇందులో విద్యార్థుల తప్పు కానిది కూడా కొంత ఉన్నది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1976 వేసవి మొదలుకొని మేరీ కార్స్‌కాడన్ అనే పరిశోధకురాలు పిల్లలను శిబిరంలో ఉంచి, ఏటేటా వారి నిద్రను కొలిచినారు. ఎదిగేకొద్దీ నిద్ర అవసరం తగ్గుతుందని అందరూ అనుకునేవారు. కౌమారంలో అది తగ్గదని ఆమె కొలతలు చూపినవి. ఆ వయసులో నిద్రవేళ తనంతట తాను వెనుకకు జరుగుతుందని కూడా ఆమె తరువాతి పరిశోధనలో వెల్లడించినారు. ఈ జరుగుబాటు ఇరవై ఏండ్ల ప్రాంతంలో పరాకాష్ఠకు చేరి, పిమ్మట మళ్లీ ముందుకు వస్తుందని జర్మనీకి చెందిన రోనెబర్గ్ 2004లో తెలిపినారు. అంటే జీవితంలో నిద్ర అందరికంటె ఆలస్యంగా వచ్చే వయసూ, విశ్వవిద్యాలయంలో ఉండే వయసూ ఒక్కటే. తాతగారు తెల్లవారుజామున లేచి, మనుమడింకా లేవలేదని కోప్పడుతారు. ఇద్దరి గడియారాలూ వేరని వారికి తెలియదు. దీనికి తోడు చేతిలోని ఫోను వెలుతురు రాత్రిని పగలని మెదడుకు భ్రమ కలిగించి, నిద్రవేళను మరింత దూరం నెట్టుతున్నది.

ఇక అసలు చిక్కుకు వద్దాం. మనసు బాగాలేనివారికి నిద్రపట్టదన్న సంగతి వైద్యులకు ఏనాటినుండో తెలుసు. అందుచేత నిద్రలేమిని జబ్బుగా కాక, జబ్బుకు నీడగా మాత్రమే ఎంచినారు. దిగులు పోతే నిద్ర దానంతట అదే వస్తుందన్నారు. ఇరవయ్యో శతాబ్దిలో చాలాకాలం వైద్యగ్రంథాల అభిప్రాయం ఇదే. 1989లో ఫోర్డ్, కామెరో అనే ఇద్దరు వైద్యులు అమెరికాలో 7,954 మందిని ఏడాది ఎడంతో రెండుసార్లు ప్రశ్నించిన వివరాలను పరిశీలించినారు. రెండుసార్లూ నిద్రపట్టడం లేదన్నవారిలో, ఆ ఏడాదిలో కొత్తగా తీవ్రమైన కుంగుబాటు కలిగినవారు చాలా ఎక్కువగా కనబడినారు. అంటే కుంగుబాటు రాకమునుపే నిద్ర చెడినది. నీడ మనిషికంటె ముందు నడిచినట్లయినది.

దీనికి బలమైన సాక్ష్యం విద్యార్థుల నుండే లభించినది. జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాలలో కారొలిన్ బెడెల్ థామస్ అనే వైద్యురాలు, గుండెజబ్బులకూ రక్తపుపోటుకూ మూలాలు వెదుకుతూ, 1948 నుండి 1964 వరకు పట్టం పుచ్చుకున్న విద్యార్థులను చదువుకునే రోజులలోనే అనేక ప్రశ్నలు అడిగి వ్రాసిపెట్టినారు. అందులో నిద్రను గురించిన ప్రశ్నలు కూడా ఉన్నవి. ఆ విద్యార్థులు వైద్యులై, తలలు నెరసినవరకూ ఆ సంస్థ వారి ఆరోగ్యాన్ని విచారిస్తూ వచ్చినది. 1,053 మంది పురుషుల వివరాలను 1997లో ప్రకటించినారు. సుమారు 34 ఏండ్ల విచారణలో, విద్యార్థిగా ఉన్నప్పుడు నిద్రలేమి ఉన్నదన్నవారికి అది లేనివారికంటె కుంగుబాటు వచ్చే అవకాశం రెండింతలున్నట్లు తేలినది. ఒత్తిడి కలిగినప్పుడల్లా నిద్ర చెడుతుందన్నవారికి కూడా ఆ అవకాశం హెచ్చుగానే ఉన్నది. మొత్తం 101 మందికి కుంగుబాటు కలుగగా, అందులో 13 మంది తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. ఇరవై ఏండ్ల వయసులో ఒక కాగితం మీద వ్రాసిన సమాధానం దశాబ్దాల తరువాతి కష్టాన్ని ముందుగా సూచించినది. ఆ సూచనను ఆనాడు చదవగలిగినవారు లేరు.

నిద్ర చెడితే మనస్సు ఎందుకు చెడుతుంది? 2007లో అమెరికాలో 26 మంది ఆరోగ్యవంతులైన యువతీ యువకులలో కొందరిని సుమారు 35 గంటలు మేలుకొలిపి ఉంచి, కలత కలిగించే చిత్రాలను చూపుతూ వారి మెదడును పరిశీలించినారు. మెదడులో భయాన్ని, కోపాన్ని రేపే చిన్నభాగం, నిద్రించినవారికంటె వీరిలో 60 శాతం ఎక్కువగా ఉలికిపడినది. నుదుటి వెనుక ఉండి దానిని అదుపుచేసే భాగానికీ, దీనికీ ఉన్న పొత్తు సడలినది. గుర్రం బెదిరినది, కళ్లెం జారినది అనవచ్చు. నిద్రలేని మరునాడు స్నేహితుని చిన్నమాట కూడా పెద్ద అవమానంగా తోచడానికి, ఒక్క పరీక్ష తప్పితే బ్రతుకే తప్పినదని అనిపించడానికి ఇది కొంతవరకు కారణం.

ఈ ఆధారాలన్నీ కూడినందువల్ల వైద్యులు తమ అభిప్రాయాన్ని మార్చుకున్నారు. అమెరికా మానసిక వైద్యసంఘం 2013లో ప్రకటించిన రోగనిర్ణయ గ్రంథంలో నిద్రలేమిని మరొక జబ్బుకు తోకగా కాక, తనంత తానుగా చికిత్స చేయదగిన రుగ్మతగా పేర్కొన్నారు. అయితే ఒక సందేహం మిగిలినది. ఒకటి ముందు, ఒకటి వెనుక వచ్చినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణమని చెప్పగలమా? నిద్రను బాగుచేసి, మనసు బాగుపడుతుందేమో చూడడమొక్కటే దీనికి మార్గం.

ఆ పరీక్ష బ్రిటనులో జరిగినది. ఆక్స్‌ఫర్డుకు చెందిన డేనియల్ ఫ్రీమన్ నాయకత్వంలో, ఆ దేశంలోని 26 విశ్వవిద్యాలయాలనుండి నిద్రపట్టని 3,755 మంది విద్యార్థులను తీసుకొని, చీట్లు వేసినట్లు రెండు భాగాలు చేసినారు. ఒక భాగానికి మందుబిళ్లలు కాక, కంప్యూటరు ద్వారా నిద్రపు అలవాట్లను సరిదిద్దే శిక్షణ ఇచ్చినారు. రెండవ భాగానికి మామూలుగా దొరికే సహాయమే. ఫలితాలు 2017లో వెలువడినవి. శిక్షణ పొందినవారికి నిద్ర మెరుగుపడినది. అంతేకాక, ఇతరులు తమకు కీడు తలపెట్టినారన్న అనుమానాలు, లేనివి వినబడడం, దిగులు, ఆందోళన కూడా తగ్గినవి. అనుమానాలు తగ్గడంలో సగానికి మించిన భాగం నిద్ర మెరుగుపడినందువల్లనే అని లెక్కలు చూపినవి. శిక్షణను మధ్యలో మానివేసినవారు చాలామంది ఉన్నారన్న సంగతి కూడా చెప్పాలి. అయినా నిద్రలేమి మనోవ్యాధులకు దోహదం చేసే కారణాలలో ఒకటన్న విషయం ఇక ఊహ కాదు.

ఆ శిక్షణలో రహస్యాలేమీ లేవు. అందులోని ముఖ్యసూత్రాలను రిచర్డ్ బూట్‌జిన్ అనే ఆచార్యుడు 1972లోనే చెప్పినారు. పడక నిద్రకే గాని మరొక పనికి కాదు. నిద్ర వచ్చినప్పుడే పడుకోవాలి. కొంతసేపటికి నిద్ర రాకపోతే లేచి వేరొక చోట కూర్చుండి, కన్నులు మూతపడుతున్నప్పుడు తిరిగి రావాలి. రాత్రి ఎట్లా గడిచినా ఉదయం ఒకే వేళకు లేవాలి. పగటి కునుకు మానాలి. మన హాస్టలు గదిని ఒక్కసారి తలచుకోండి. మంచమే బల్ల, మంచమే కుర్చీ, మంచమే భోజనశాల. స్నేహితులు వచ్చినా కూర్చునేది ఆ మంచం మీదనే. పరీక్షల భయం, ఇంటి బెంగ, ఫోనులోని లోకం అన్నీ ఆ దిండు దగ్గరనే. మంచం చూడగానే మనస్సు నిద్రకు కాక మెలకువకు అలవాటుపడడంలో ఆశ్చర్యం లేదు. ఒక బల్ల, ఒక కుర్చీ, ఆలస్యంగా చదువుకొనేవారికి విడిగా ఒక గది ఏర్పాటుచేయడం సైతం విద్యార్థుల మనస్స్వాస్థ్యానికి చేసిన సేవయే అవుతుంది.

చదువు వెనుకబడుతుందేమోనని భయపడేవారికి ఒక మాట. అమెరికాలోని మూడు విశ్వవిద్యాలయాలలో ఆరువందలకు పైగా మొదటి సంవత్సరపు విద్యార్థుల నిద్రను మణికట్టు యంత్రాలతో కొలిచి 2023లో ప్రకటించినారు. టర్ము ఆరంభంలో సగటు నిద్ర తగ్గినకొద్దీ, ఆఖరున మార్కులు తగ్గినవి. ఆరుగంటలకు తక్కువ నిద్రించినవారిలో ఈ నష్టం స్పష్టంగా కనబడినది. పద్దెనిమిది మొదలు ఇరవై అయిదేండ్లవారికి రాత్రికి ఏడు నుండి తొమ్మిది గంటల నిద్ర కావాలని నిపుణుల సలహా.

అట్లని ప్రతి దుఃఖాన్నీ నిద్రఖాతాలో వేయరాదు. ఫీజుల బాధ, ఇంటి కలహం, తోటివారి వేధింపు, ఓటమి భయం, ఇవి నిద్రతోనే తీరేవి కావు. పరీక్ష ముందురోజు ఒకటి రెండు రాత్రులు నిద్ర చెడినంత మాత్రాన భయపడనక్కరలేదు. అయితే వారాల తరబడి నిద్రపట్టకపోవడం, లేక అలవాటుకు మించి పగలూ రాత్రీ నిద్రలోనే ఉండడం, దానితో పాటు తిండి మీద, స్నేహితుల మీద ఆసక్తి తగ్గడం కనబడితే, అది సోమరితనమూ కాదు, శ్రద్ధాధిక్యమూ కాదు. అప్పుడు వైద్యుని చూడాలి. సొంతంగా నిద్రమాత్రలు కొని మింగడం ప్రమాదకరం. దీర్ఘకాలపు నిద్రలేమికి ముందుగా చేయవలసినది మందు కాక అలవాట్ల శిక్షణయే అని అమెరికా వైద్య నిపుణుల సంస్థ 2016లో సూచించినది. మనోవ్యథలో ఉన్నవారికోసం భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవను 14416 నంబరుకు ఫోను చేసి ఏవేళనైనా తెలుగులోనే పొందవచ్చు.

ఊరినుండి హాస్టలుకు ఫోను చేసినప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న "అన్నం తిన్నావా, నాయనా?" అని, రెండవది "బాగా చదువుతున్నావా?" అని. ఈ రెండింటి నడుమ మరొక ప్రశ్నకు చోటివ్వాలి. "రాత్రి నిద్రపట్టిందా, అమ్మా?" అని అడగాలి. బదులు చెప్పడానికి బిడ్డ కాస్త తడబడితే, తక్కిన మాటలు ప్రక్కన పెట్టి, ఆ సమాధానం పూర్తిగా వినాలి.